ఎడమ కాలి మడత

కుట్టు దుకాణం
ఆగస్టు 12

గుండీ తల్లికి, నాన్న మిషను మీద మోచెయ్యి ఆనించి రాస్తున్న ఉత్తరం.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని మీ అమ్మ ఇందాకటి నుంచి నవ్వుతూనే ఉంది. నవ్వనీ. నువ్వు వెళ్ళి పది రోజులైంది. ఈ పది రోజుల్లో మనిద్దరం ఫోన్లో ఏం మాట్లాడుకున్నామో గుర్తు తెచ్చుకో. "తిన్నావా?" "తిన్నాను." "నిద్ర పడుతోందా?" "పడుతోంది." "ఇదిగో, మీ అమ్మకిస్తున్నా." అంతే కదా. ఇంట్లో ఉన్నప్పుడు కత్తిరింపుల బల్లెక్కి కూర్చుని గంటలకొద్దీ నా బుర్ర తినేదానివి. ఫోన్ పట్టుకునేసరికి మనిద్దరికీ నోట మాట రాదు. నువ్వు మర్చిపోయిన నీలం స్వెట్టరు పంపిస్తూ, దాని జేబులో ఇది పెడుతున్నాను. ఇక మీదట చిరుగులన్నీ నాకు పంపు, జేబులో రెండు ముక్కలు రాసిపెట్టు. బాగుచేసి అదే జేబులో జవాబు పెడతాను.

ఇక్కడ అంతా మామూలే. మెట్ల కింద మన దుకాణంలో ఇప్పటికీ నేను లేచినప్పుడల్లా తల మెట్టుకి కొట్టుకుంటూనే ఉంది. పదహారేళ్ళయినా ఆ మెట్టు ఎక్కడుందో నా తలకి తెలియలేదు. మీ అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పగటి డ్యూటీకి మారింది. సాయంత్రం వచ్చి నీ మంచం మీద కూర్చుని, ఏదో వెతుకుతున్నట్టు నటిస్తుంది.

ఒక్క సంగతి అడుగుతాను, నవ్వకు. ఆ ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు నిన్ను ఏడాదిపాటు చూసి, మే నెలలో ఉంచుకునేదీ పంపించేసేదీ చెప్తారన్నావు. సరే. నిన్ను ఆడించేది మైదానం మధ్యలో అన్నావు. గోల్ ఉండేది ఆ చివర కదా? నువ్వు మధ్యలో నిలబడితే వాళ్ళకెలా తెలుస్తుంది నువ్వు బాగా ఆడుతున్నావని? కాస్త ముందుకి జరగనివ్వమని అడగరాదూ? అడిగితే పోయేదేముంది?

నాన్న


క్లబ్బు హాస్టలు, మూడో అంతస్తు
ఆగస్టు 29

నాన్నా,

నవ్వకుండా ఎలా ఉంటాను? పొట్ట పట్టుకుని నవ్వాను. నా గదిలో ఉండే అమ్మాయి కారణమడిగితే ఆమెకీ చెప్పాను. ఇప్పుడు టీమంతా నన్ను చూడగానే "కాస్త ముందుకి జరగవమ్మా" అంటున్నారు. నీ పుణ్యమే.

ఆ అమ్మాయి మా గోల్‌కీపరు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, గోడ అంటారు. మనిషి ఆరడుగులు. వాళ్ళమ్మానాన్నలూ మనలాగే ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే. వాళ్ళ భాష నాకు రాదు, మన భాష ఆమెకి రాదు, ఇద్దరం ఈ దేశం భాషలోనే పోట్లాడుకుంటాం. నన్ను గుండీ అని ఎందుకంటారో చెప్పాను. మూడేళ్ళప్పుడు నీ బల్ల కింద దూరి కోటు గుండీ మింగి, మిమ్మల్ని మూడు రోజులు ఏడిపించిన కథంతా. ఆ గుండీ చివరికి దొరికిందా అని అడిగింది. దొరికింది, ఆ కోటుకే కుట్టాడు మా నాన్న అన్నాను. నిజమే కదా?

మధ్యలో ఆడడమంటే చెప్తాను విను. నువ్వు కాలర్ లోపల ఒక గట్టి గుడ్డ పెట్టి కుడతావు చూడు. అది పైకి కనిపించదు. అది లేకపోతే కాలర్ నిలబడదు. నా పని అదీ. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకోవాలి, ముందువాళ్ళకి అందించాలి, అందుకునే ముందే ఎవరు ఎక్కడున్నారో చూసి పెట్టుకోవాలి. బంతి నా కాళ్ళ దగ్గర రెండు క్షణాల కన్నా ఎక్కువ ఉంటే మా కోచ్ మేడమ్ ఈల ఊది, "ఏం, దాన్ని పెంచుకుంటావా?" అంటుంది.

మధ్యలో ఆడే కొత్త అమ్మాయిలం నలుగురం. మేలో ఇద్దరినే ఉంచుకుంటారు. మిగతా ముగ్గురూ చిన్నప్పటి నుంచి పెద్ద పెద్ద అకాడమీల్లో నేర్చుకున్నవాళ్ళు. నేను పార్కింగ్ స్థలంలో నేర్చుకున్నదాన్ని. భయంగా ఉంది నాన్నా. కానీ పొద్దున్నే తడి గడ్డి మీద బూట్లు వేసుకుని పరిగెత్తుతుంటే, ఇంతకన్నా నాకేం కావాలి అనిపిస్తుంది. రెండూ ఒక్కసారే అనిపిస్తాయి.

క్లబ్బువాళ్ళిచ్చిన ట్రాక్ ప్యాంటు నాకు బెత్తెడు పొడవు. నడుస్తుంటే కాళ్ళ కింద పడుతోంది. పంపిస్తున్నా.

నీ గుండీ


కుట్టు దుకాణం
సెప్టెంబరు 10

గుండీ తల్లీ,

ప్యాంటు సరిచేశాను. రెండు కాళ్ళకీ సమానంగా మూడున్నర అంగుళాలు లోపలికి మడిచి, లోపలి నుంచి రెండు వరసలు కుట్టాను. కత్తిరించలేదు. నువ్వింకా ఎదుగుతావేమోనని నాకో ఆశ. మీ అమ్మ మాత్రం, పందొమ్మిదేళ్ళొచ్చాక ఎదిగేది బుద్ధే కానీ కాళ్ళు కావంటుంది.

కాలర్ సంగతి బాగా చెప్పావు. నువ్వలా చెప్పాక నాకు ఆట మీద కొంచెం గౌరవం కలిగింది. మన లెక్కల మాస్టారు ఉన్నారే, వారానికోసారి అదే ప్యాంటు నడుము వదులు చేయించుకుంటూ తిండి మాత్రం తగ్గించని మనిషి, ఆయనకి ఫుట్‌బాల్ అంటే ప్రాణమట. పదహారేళ్ళుగా ఆయన నడుము కొలుస్తున్నాను, ఈ మాట తెలియలేదు. నీ సంగతి చెప్పగానే బల్ల మీద పదకొండు గుండీలు పరిచి, సుద్దతో గీతలు గీసి, గంటసేపు పాఠం చెప్పారు. ఈలోగా ఒకావిడ కోటు కోసం వచ్చి, మా ఇద్దరినీ చూసి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

నాకు అర్థమైంది ఒక్కటే. మధ్యలోవాళ్ళని చూడాలంటే బంతిని చూడకూడదట. అది నాకు చేతనవుతుందో లేదో. నేను ఇంతవరకు బంతిని కూడా సరిగా చూడలేదు.

భయమేస్తోందన్నావు. వెయ్యనీ తల్లీ. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు ఇక్కడి భాషలో అయిదే మాటలొచ్చు. నడుము, చెయ్యి, పొడవు, వదులు, శుక్రవారం. ఆ అయిదింటితోనే ఒక ఏడాది బతికాను. ఎవరేమడిగినా శుక్రవారం అనేవాణ్ణి.

నాన్న


క్లబ్బు హాస్టలు
అక్టోబరు 21

నాన్నా! నాన్నా! నాన్నా!

ఫోన్లో అమ్మకి చెప్పాను కానీ నీకు ఇలా అరిచి చెప్పాలనిపించింది. మొన్న శనివారం మొదటి నిమిషం నుంచి ఆడించారు! డెబ్భై నిమిషాలు! మొదటి పాస్ సరిగ్గా పడింది, అంతే, ఆ తర్వాత నాకు జనం కనిపించలేదు, వినిపించలేదు. రెండు ఒకటితో గెలిచాం. కోచ్ మేడమ్ నా దగ్గరికొచ్చి భుజం తట్టి, "రేపు పొద్దున ఆలస్యంగా రాకు" అంది. ఆమె నోట అది పెద్ద పొగడ్త అని గోడ చెప్పింది. గోడని రెండేళ్ళలో ఒక్కసారే అలా తట్టిందట.

ఇంకో సంగతి. నా ప్యాంటు చూసి అమ్మాయిలందరికీ కన్ను కుట్టింది. "ఎవరు కుట్టారు? మాదీ పంపవా?" అని వెంటపడ్డారు. మొత్తం తొమ్మిది వస్తున్నాయి. కోపం తెచ్చుకోకు. గోడది కిందకి దించాలి, మిగతావన్నీ పైకి మడవాలి. నాది పదోది. జిప్పు ఊడింది, అదొక్కటీ చూడు చాలు, మిగతాదంతా బాగానే ఉంది.

నేనూ బాగానే ఉన్నాను. కాస్త అలసట, అంతే.

గుండీ


కుట్టు దుకాణం
నవంబరు 6

టీమంతటికీ ఆస్థాన దర్జీ రాయునది ఏమనగా,

తొమ్మిదీ ముగించాను. నీ స్నేహితురాళ్ళని ఒక్కరినీ చూడలేదు కానీ, ఇప్పుడు అందరూ నాకు బాగా తెలుసు. నమ్మవా? చెప్తాను విను.

కుడి మోకాలు అరిగిపోయి, ఎడమ మోకాలు కొత్తగా ఉన్నది మీ గోడది. ఎప్పుడూ కుడివైపే ముందు పడుతుంది. ఎదుటివాళ్ళు ఇది కనిపెట్టకముందే చెప్పు ఆమెకి. నాడా చివర్లు నమిలేసి ఉన్నది ఎవరో గాభరా మనిషిది, కొత్త నాడా వేశాను, అదీ నములుతుంది. ఒకమ్మాయి కుడి జేబు లోపల మిఠాయి కాగితాలు పధ్నాలుగు దొరికాయి. మీ కోచ్‌కి చెప్పనని చెప్పు. ఇంకొకమ్మాయి జేబులో ఎవరో అబ్బాయి ఫోటో ఉంది. దాన్ని తీసి మళ్ళీ అక్కడే పెట్టి, జేబు నోటికి ఒక చిన్న గుండీ కుట్టాను, పడిపోకుండా.

మీ అమ్మ ఇవన్నీ విని, "మీరు దర్జీయా, పోలీసా?" అంది. ముప్ఫై ఏళ్ళు ఒకే పని చేస్తే ఎవరికైనా ఇలాంటి రోగమొకటి పట్టుకుంటుంది.

నీ ప్యాంటు ఇంకా బల్ల మీదే ఉంది. జిప్పు వేశాను. కానీ ఇప్పుడే పంపడం లేదు. రెండు రోజుల్లో రాస్తాను.

నాన్న


కుట్టు దుకాణం
నవంబరు 8

గుండీ,

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. ఇది మీ అమ్మకి చూపించలేదు.

సెప్టెంబరులో నీ ప్యాంటు రెండు కాళ్ళూ నేనే మడిచాను. ఒకే గుడ్డ, ఒకే దారం, ఒకే రోజు. కుడి కాలి మడత నేను కుట్టినట్టే ఉంది. ఎడమ కాలి మడత మడమ దగ్గర పూర్తిగా అరిగి, దారం తెగి, లోపలి గుడ్డ పీచులు పీచులుగా ఉంది. నెలన్నరలో అలా అరగాలంటే ఆ కాలు నేల మీద ఈడవాలి. అంతేకాదు, కుడి మోకాలి దగ్గర గుడ్డ ఉబ్బి ఉంది. కుర్చీలోంచి లేచేటప్పుడు బరువంతా కుడికాలి మీదే వేస్తున్నావు. నడుము పట్టీ కూడా ఎడమవైపు పైకి లాగి ఉంది.

నువ్వు దాచావు తల్లీ. నీ ప్యాంటు దాచలేదు.

ఎప్పటి నుంచి నొప్పి? ఎక్కడ? మీ డాక్టరుకి చెప్పావా?

నాన్న


క్లబ్బు హాస్టలు
నవంబరు 15

నాన్నా,

అరిగిందంటే అరుగుతుంది, నేను రోజంతా పరిగెత్తే మనిషిని. నువ్వు ప్యాంటు చూసి జ్వరం కూడా చెప్పేలా ఉన్నావు.

సరే, కొంచెం నొప్పి ఉంది. ఎడమ తుంటి లోపల. సెప్టెంబరు చివరి నుంచి. వేడెక్కాక పోతుంది. ఆట అయ్యాక వస్తుంది. అందరికీ ఏదో ఒకటి నొప్పి ఉంటుంది ఇక్కడ.

ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నలుగురిలో ఇద్దరు, గుర్తుందా? ఫిజియోకి చెప్తే వారాల తరబడి పక్కన కూర్చోబెడతారు. నా చోట్లో ఇంకొకమ్మాయి ఆడుతుంది. మేలో మేడమ్ ముందు పేర్లుంటాయి, ఎదురుగా కనిపిస్తున్న మనిషిని వదిలేసి మూల కూర్చున్నదాన్ని ఎందుకు తీసుకుంటుంది? వాళ్ళకి వెనక అకాడమీలున్నాయి, ఇది పోతే ఇంకోటి. నాకు ఇదొక్కటే. ఇది పోతే నేను ఇంటికి వచ్చి కాజాలు కుట్టాలి.

తప్పుగా రాశాను. కాజాలు కుట్టడం తక్కువ పని అని కాదు. నీకు తెలుసు.

అమ్మకి చెప్పకు. నా మీద ఒట్టు.

గుండీ


కుట్టు దుకాణం
నవంబరు 18

గుండీ తల్లీ,

మీ అమ్మకి చెప్పను. కానీ నీకొకటి చెప్తాను, అదీ మీ అమ్మకి తెలియనిదే.

నా ఎడమ చూపుడు వేలు మడత పడదని మీకందరికీ తెలుసు. మీరు రాకముందు ఇక్కడి చలికి బిగుసుకుపోయిందని చెప్పాను. చిన్నప్పుడు నువ్వు ఆ వేలు పట్టుకుని, "ఇది నిద్రపోతోందా నాన్నా?" అనేదానివి. అవునమ్మా, నిద్రపోతోంది అనేవాణ్ణి. అది అబద్ధం.

మీ ఇద్దరినీ ఇక్కడికి పిలిపించుకోక ముందు నేను ఒక్కణ్ణే వచ్చి, కోట్ల ఫ్యాక్టరీలో చేరాను. మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. పదకొండో వారం మిషను సూది ఈ వేలిలోకి దిగింది. మొన లోపలే విరిగింది. ఉంచుకునేవాళ్ళ పేర్లు చదవడానికి అప్పటికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. సూపర్‌వైజరుకి చెప్తే ఇంటికి పంపిస్తాడని, వేలికి గుడ్డ చుట్టుకుని, దాని మీద దర్జీలు తొడుక్కునే ఇనుప తొడుగు, అంగుస్తానా బిగించి, ఏమీ కానట్టు పని చేశాను. వేలు వంకాయ రంగుకి తిరిగింది. పక్క మిషను మీద కుట్టే ముసలాయన చూసి, పైకి చెప్పలేదు కానీ, నా వంతు బరువు కోట్లు కూడా తనే కుట్టేవాడు.

పన్నెండో రోజు పేర్లు చదివారు. నా పేరుంది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళాను. మొన తీశారు, వేలు బతికింది కానీ వంగడం మర్చిపోయింది. "మొదటి రోజే వస్తే కట్టుకట్టి పంపేవాళ్ళం" అన్నాడు డాక్టరు. ఇంకా వినవలసింది ఏమిటంటే, రెండేళ్ళకి ఆ ఫ్యాక్టరీయే మూతపడింది. ఎవరి మెప్పు కోసం దాచానో ఆ సూపర్‌వైజరు మొహం కూడా ఇప్పుడు నాకు గుర్తు రాదు. వేలు మాత్రం ఇదిగో, ఈ ఉత్తరం రాస్తుంటే కాగితం మీద కర్రలా పడుకుని ఉంది.

నేను చెప్తే నువ్వు వినాలని లేదు. ఆ మైదానం నీది. కానీ నాకు వేలు లేకపోతే ఇంకో తొమ్మిది ఉన్నాయి. నీకు కాళ్ళు రెండే. రేపు పొద్దున ఫిజియో గది తలుపు తట్టు. అక్కడ భయం వేస్తే శుక్రవారం అను.

నాన్న


క్లబ్బు హాస్టలు
డిసెంబరు 4

నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి గోడకి కూడా ఈ దేశం భాషలోకి మార్చి వినిపించాను. గోడ లేచి, బూట్లు వేసుకుని, "పద" అంది. ఫిజియో గది దాకా నా చెయ్యి వదల్లేదు. పారిపోతానని దాని అనుమానం. పారిపోయేదాన్నే.

ఎక్స్‌రే ఫోటోలు తీశారు. తుంటిలో తొడ ఎముక పైకొన దగ్గర వెంట్రుకంత పగులు. ఇంకో రెండు మూడు ఆటలు ఇలాగే ఆడి ఉంటే పూర్తిగా విరిగేదట. అప్పుడు ఇనుప మేకులు పెట్టి బిగించడమే, ఆట మాట మర్చిపోవడమే. ఎలా బయటపడింది, ఎవరు కనిపెట్టారు అని ఫిజియో అడిగాడు. మా నాన్న, ప్యాంటు చూసి అన్నాను. ఆయన రాసుకోబోయి, కలం ఆపి, నా మొహం చూశాడు.

ఆరు వారాలు కర్రలతో నడక. తర్వాత మెల్లగా. ఏప్రిల్ దాకా ఆట లేదు. కోచ్ మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను, రెండు నెలలు దాచానని కూడా. బాగా తిట్టింది. తిట్టిన తర్వాత, "మేలో చెప్పాల్సింది మేలోనే చెప్తాను. తేదీ నీ కోసం మారదు" అంది. నా చోట్లో నమిలిన నాడా అమ్మాయి ఆడుతోంది. బాగా ఆడుతోంది, అదే బాధ.

అయినా ఒక మాట చెప్పనా? ఆ రాత్రి రెండు నెలల తర్వాత కమ్మగా నిద్రపట్టింది. నొప్పి కన్నా దాచడమే ఎక్కువ బరువుగా ఉండేది.

ఇక అమ్మకి నువ్వే చెప్పాలి. నాకు ధైర్యం లేదు.

గుండీ


కుట్టు దుకాణం
డిసెంబరు 15

గుండీ తల్లీ,

నాకు మాత్రం ధైర్యం ఎక్కడుంది? నీ ఉత్తరాలు, నావాటి చిత్తుకాగితాలు, అన్నీ బల్ల మీద పెట్టి మాస్టారి ప్యాంటు ఇచ్చి రావాలని బయటికి పోయాను. తిరిగొచ్చేసరికి మీ అమ్మ చదివేసింది. వేలు కథతో సహా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆ వేలు పట్టుకుని చాలాసేపు చూసింది. పదహారేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నాకు ఏడుపొచ్చింది, ముద్ద మింగినట్టు నటించాను.

కింద ఆవిడ రాస్తానంటోంది. కాగితం లాక్కుంటోంది.

నాన్న

ఏమే, తండ్రీ కూతుళ్ళిద్దరూ కూడబలుక్కుని నా దగ్గర దాస్తారా? ఇంట్లో నేనొక్కదాన్నే వెర్రిదాన్నా? రోజూ ఆసుపత్రిలో వెయ్యి దుప్పట్లు ఉతికిస్తాను, అక్కడే ఎముకల డాక్టర్లు అరడజను మంది ఉన్నారు, ఒక్క మాట చెప్తే చాలదా? ఈ శనివారం వస్తున్నాను. కర్రలతో నడిచి చూపించు. ఇంకెప్పుడైనా ఇలా చేస్తే ఆ రెండో కాలు నేనే విరగ్గొడతాను.
అమ్మ


క్లబ్బు హాస్టలు
ఏప్రిల్ 19

నాన్నా,

పరిగెత్తాను! నిన్న పూర్తిగా, ఆపకుండా, నొప్పి లేకుండా. గడ్డి మీద పడుకుని ఆకాశం చూసి గట్టిగా నవ్వితే, గోడ వచ్చి మతి పోయిందా అని నీళ్ళు పోసింది.

ఈ నాలుగు నెలల సంగతి నీకు సరిగా రాయలేదు. మొదట్లో ఆటలప్పుడు స్టాండులో కూర్చుని ఏడ్చేదాన్ని. తర్వాత ఏడవడం విసుగొచ్చింది. పై నుంచి చూడడం మొదలుపెట్టాను. నాన్నా, పై నుంచి చూస్తే అది వేరే ఆట. కింద ఉన్నప్పుడు నాకు నలుగురే కనిపించేవారు. పై నుంచి ఇరవై ఇద్దరూ కనిపిస్తారు, ఎవరూ లేని ఖాళీలు కూడా కనిపిస్తాయి. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఆ ఖాళీలు గీసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు మైదానంలోకి దిగినా అవి కళ్ళ ముందు కనిపిస్తున్నాయి. నాడా అమ్మాయికి కూడా కొన్ని చూపించాను. చూపించాలా వద్దా అని ఒక రోజంతా ఆలోచించాను, అబద్ధం చెప్పను. చూపించాను. మరుసటి వారం ఆ అమ్మాయి నాకు మిఠాయి కొనిచ్చింది.

మే 11న సీజను ఆఖరి ఆట. మేడమ్ నన్ను బెంచీ మీదకి తీసుకుంది. దింపుతుందో లేదో చెప్పలేదు. ఆ మరుసటి వారమే పేర్లు చెప్తారు. అంటే నాకున్నది ఆ ఒక్క రోజు, అది కూడా దింపితే.

రెండు టిక్కెట్లు పంపుతున్నాను. నువ్వింతవరకు నా ఆట ఒక్కటి కూడా చూడలేదు. శనివారాలు దుకాణంలో జనం ఉంటారని తెలుసు. ఈ ఒక్కసారి తాళం వెయ్యి నాన్నా.

గుండీ


కుట్టు దుకాణం
మే 12

గుండీ తల్లీ,

పదహారేళ్ళలో మొదటిసారి శనివారం దుకాణానికి తాళం వేశాను. తలుపు మీద "ఫుట్‌బాల్‌కి వెళ్ళాం" అని మాస్టారే రాసి అంటించారు, అక్షరాలు ఎంత పెద్దవంటే అవతలి వీధివాళ్ళకి కూడా కనిపిస్తాయి.

అరవై అయిదో నిమిషంలో నువ్వు లేచి జాకెట్టు విప్పుతుంటే మీ అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇప్పటికీ గోళ్ళ గుర్తులున్నాయి. అందరూ చూస్తుండగా గీత దాటి లోపలికి పరిగెత్తావు. నేను ముందు నీ ఎడమ కాలే చూశాను, ఏం చెయ్యను. తిన్నగా పడుతోంది. అది చూశాక గుండె కుదుటపడి, అప్పుడు ఆట చూశాను.

మాస్టారు చెప్పినట్టు బంతిని చూడలేదు. ఇరవై అయిదు నిమిషాలూ నిన్నే చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నువ్వేం చేస్తున్నావో నాకు మొదటిసారి అర్థమైంది. ఎంత సంతోషమేసిందో రాయడం నాకు రాదు.

నీ వాళ్ళు గోల్ కొట్టి గెలిచారు. నువ్వు కొట్టలేదని మీ అమ్మకి కొంచెం వెలితి. నాకు లేదు. మీ అమ్మ అరిచిన అరుపులకి ముందు వరసలో పిల్లాడొకడు చెవులు మూసుకున్నాడు. నేను మాత్రం బుద్ధిగా, మర్యాదగా, కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. అక్కడివాళ్ళంతా పెద్దమనుషులు, మన మూలంగా మాట రాకూడదు కదా.

వాళ్ళు ఏం చెప్పినా సరే, ఇల్లు ఇక్కడే ఉంది. కానీ నాకు నిన్నటి నుంచి భయం లేదు. నీకెలా ఉంది?

నాన్న


క్లబ్బు హాస్టలు
మే 17

అబద్ధాలకోరు నాన్నకి,

ఇవాళ పొద్దున మేడమ్ ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచింది. గదిలో టీవీ మీద ఆఖరి ఆట ఆపి పెట్టి ఉంది. కూర్చోమని కూడా అనలేదు. "నీ ఇరవై అయిదు నిమిషాలు మూడుసార్లు చూశాను. మొదటిసారి చూసినప్పుడు ఈ గోల్ నీదని ఎవరికీ అనిపించదు. చూడు" అని ఆపిన ఆటని నడిపించింది.

నీకు గుర్తుందా, డెబ్భై తొమ్మిదో నిమిషం. బంతి నా వైపు వస్తోంది, వెనక నుంచి ఇద్దరు నా మీదకి వస్తున్నారు. నేను దాన్ని ఆపకుండా కాళ్ళ మధ్యలోంచి పోనిచ్చి, తిరిగి, ఎడమవైపు ఎవరూ లేని చోటికి పొడుగ్గా కొట్టాను. నోటుబుక్కులో గీసుకున్న ఖాళీ అది. ఎక్కడి నుంచో నాడా అమ్మాయి అందులోకి వచ్చింది. ఆమె నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి మధ్యలోకి, అప్పుడు గోల్. నేను కొట్టిన తర్వాత ఇంకా మూడు పాసులు.

నేను బంతి వదిలిన చోట మేడమ్ బొమ్మ ఆపింది. గోల్ ఇంకా చాలా దూరం. స్టాండులో ఒక్కరు కూడా కదల్లేదు, వేలమంది కూర్చునే ఉన్నారు. ఒకే ఒక్క మనిషి లేచి నిలబడి, రెండు చేతులూ తల మీదికెత్తి చప్పట్లు కొడుతున్నాడు. పక్కన ఒకావిడ కోటు పట్టుకుని అతన్ని కిందకి లాగుతోంది. ముందు వరసవాళ్ళంతా తల తిప్పి ఈయనకేమైందా అని చూస్తున్నారు.

"ఈయనెవరో నీకు తెలుసా?" అంది మేడమ్.

"మా నాన్న" అన్నాను.

"కోచా?"

"దర్జీ."

మేడమ్ తెర మీద నిన్ను వేలితో చూపించింది. "ఆ రోజు ఆ మైదానం మొత్తంలో గోల్ ఎక్కడ మొదలైందో చూసింది ఇద్దరమే. నేనూ, ఆయనా" అంది. కాగితాలు నా ముందుకి తోసింది.

నాకు ఆమె ముందే ఏడుపొచ్చేసింది నాన్నా, ఆపుకోలేదు. రెండేళ్ళకి సంతకం పెట్టాను.

నీ గుండీ